దీమం

అరచేతిలో ఆరువందల గ్రాములు.
తక్కెడ ముల్లు ఊగి ఊగి ఆగేలోపే
హాలంతా ఉలిక్కిపడేలా అరిచింది.
పిట్ట కొంచెమే. కూత సంగతి
మూడు వరసల అవతల
కుందేళ్ల చెవులు కొలుస్తున్నవాళ్లనడగండి.

"బంతిలాంటి తల. పొట్టి ముక్కు.
ఉబ్బిన బుగ్గలు. బొమ్మే."
హైనో పెన్సిల్‌తో రాసుకున్నాడు.
పంజరానికి నీలం రిబ్బను కడుతూ అడిగాడు:
"ఇంతకీ ఇది దేనికి పనికొస్తుంది, ఫ్రౌకె?"
చూడ్డానికి, అన్నాను.
చూడ్డానికే.

మా తాత వీబ్రెన్ వింటే నవ్వేవాడు కాదు.

ఆయనకి ఇది పనిముట్టు, కొడవలిలా, వలలా.
ఫ్రీస్‌లాండ్ పచ్చిక మధ్య
గాలికి ఒకవైపే ఒరిగిన చిన్న తోపు.
తోపు లోపల మడుగు.
మడుగు మూలల్నించి నాలుగు కాలవలు
ఆవు కొమ్ముల్లా వంపు తిరిగి, పోనుపోను సన్నబడి
నెత్తిన వల కప్పుకుని పోయేవి.
మొదట్లో నిలబడితే చివర కనపడదు.
వంపు పెట్టిందే అందుకు.

అక్టోబరు వస్తే ఉత్తరాన్నించి గుంపులు,
సముద్రం దాటిన రెక్కలు, ఒళ్లు హూనమై.
కింద మా దీమపు బాతులు పిలిచేవి.
పిలవడమంటే ఏముంది,
బార్లీ వేళయింది, ముసలాడింకా రాలేదని
గొంతు చించుకునేవి.
పైవాటికి మాత్రం
దిగండి, ఇక్కడ బాగుంది, అని వినపడేది.

తాత రెల్లు తడికల వెనక వంగి నడిచేవాడు
నోటి ముందు పొగలే పీట్ గడ్డ పట్టుకుని,
మనిషి ఊపిరి వాటికి తగలకుండా.
కుక్క తడికల సందుల్లోంచి
ఓసారి తోక చూపించేది, మాయమయ్యేది,
ఇంకొంచెం లోపల మళ్లీ చూపించేది.
అడవి బాతులు ఆ తోక వెంట,
మావి గింజల వెంట.
వంపు దగ్గర మావి తిరిగొచ్చేసేవి, పొట్ట నిండి,
ఒకదాన్నొకటి తోసుకుంటూ.

అవి రావు.

"వీటికి తెలుసా, తాతా?"
పీట్ గడ్డని బూటు కింద నలుపుతూ
"తెలిస్తే ఇంత గట్టిగా అరుస్తాయా" అన్నాడు.
చాలా ఏళ్లు అది జవాబనుకున్నాను.
తెలిసినవాళ్ల అరుపులు కూడా కొన్ని విన్నాక
ఇప్పుడంత నమ్మకం లేదు.

తాత పోయాక మడుగు వేరేవాళ్లది.
అక్కడ బాతుల్ని పట్టి, కాళ్లకి ఉంగరాలు తొడిగి
పుస్తకంలో రాసుకుని వదిలేస్తారట.
మెడలు విరిచే చేతి నేర్పు
తాతతోనే పోయింది.
నాకు మిగిలినవి ఈ బాతులు,
వంటింటి వెనక పాక,
ఏటా ముక్కు ఇంకొంచెం పొట్టిగా,
ఇంకొంచెం పొట్టిగా ఉన్నదాన్నే
జతకు ఎంచుకోవడం.

ఎంత అందంగా కుదించామంటే
పిల్ల తన గుడ్డు తాను పగలగొట్టుకోలేదు.

అందుకే ఇరవయ్యారో రోజు నిద్ర ఉండదు.
అట్టపెట్టెలో దీపం, తడిగుడ్డ, కుట్టుసూది.
గుడ్డు చెవికి ఆనించుకుంటాను.
లోపల మెత్తటి ముక్కు
తలుపు తెలియని ఇంట్లో గోడ తడుముతోంది.
కాసేపటికి ఆగింది.

అప్పుడు నేను పిలిచాను.
సిగ్గు లేకుండా, బాతు గొంతుతో,
వంటింట్లో, నైటీలో, రాత్రి మూడింటికి.
ఏమని పిలిచానో నాకూ తెలీదు.
ఇక్కడ బాగుంది, అనే అయ్యుంటుంది.

సూది గుచ్చబోతూ చూసుకున్నాను,
ఎడం చెయ్యి దానంతటదే
నా నోటికి అడ్డం పడింది.
తీసేశాను.

నీలం రిబ్బను గెలిచిన మహాతల్లి
పాకలోంచి బదులిచ్చింది, ఊరు లేచేలా.
పక్కింటి సీట్స్కె గోడ మీద దబదబా బాదింది.
గుడ్డులో ఉన్నది
అదీ వింటోంది.